మూడో జాడీ

ఇంటి వెనక గదిలో గోడ వారగా మూడు పెద్ద గాజు జాడీలున్నాయి. మేనమామ తొట్టి ముందు పీట వేసుకుని, పొద్దున్నే కడిగేసిన సీసాల్నే మళ్ళీ కడుగుతున్నాడు. మేనకోడలు గుమ్మంలో నిలబడింది.

“అవి కడిగినవే కదా మావయ్యా?”

“సీసా అన్నాక ఎన్నిసార్లు కడిగినా తప్పులేదు.”

“అమ్మ వచ్చి చాలాసేపైంది. ముందు గదిలో ఒక్కతే కూర్చుంది.”

“మీ అత్తయ్య ఉందిగా, కబుర్లు చెబుతుంది.”

“అత్తయ్య కాఫీ ఇచ్చి మేడెక్కేసింది. అమ్మ వచ్చింది నీ కోసం. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక నువ్వు ఒక్కసారైనా మా గడప తొక్కావా?”

“తొక్కుదామనే అనుకుంటున్నా. షాపులో ఊపిరి సలపడం లేదు. కళ్ళజోళ్ళకి ఇది సీజను.”

“కళ్ళజోళ్ళకి సీజనేంటి మావయ్యా?”

“పరీక్షలొస్తున్నాయి కదా. పిల్లలందరికీ ఒక్కసారే చూపు తగ్గుతుంది.”

“మరి షాపుకి తాళం వేసి ఇక్కడ కూర్చున్నావేం?”

“నువ్వు ప్లీడరు పని ఎప్పట్నుంచి మొదలెట్టావే?”

“సర్లే. అమ్మ రెండు సీసాలు అడుగుతోంది.”

“ఏం సీసాలు?”

“ఏం సీసాలంటావేంటి? నీ వైన్. ఇంటికి పట్టుకెళ్తుందట.”

“ఒంట్లో బాగాలేని మనిషికి ఇప్పుడవన్నీ ఎందుకు?”

“నేనూ అదే అన్నాను. వింటేనా? మా అన్నయ్య చేసినదాంట్లో పొడీ గిడీ ఉండదు, నాకు పడేది అదొక్కటే అంది.”

“ఆ మాట అందా?”

“అంది.”

“ఎలా అంది?”

“ఎలా అనడమేంటి? మామూలుగానే అంది. ఆ సీసా కింద పెట్టు మావయ్యా, నీళ్ళన్నీ కాళ్ళ మీద పోసుకుంటున్నావు.”

“పోనీలే, నీళ్ళే కదా.”

“మావయ్యా.”

“ఊఁ.”

“ఆ సీసాలు ఇవ్వద్దు.”

“ఎందుకివ్వకూడదు?”

“ఇవ్వద్దంతే.”

“అదేం మాటే? అడిగింది నా చెల్లెలు. కాదనాలంటే ఏదో ఒకటి చెప్పాలిగా.”

“చెబితే నువ్వు ఇక జన్మలో నా మొహం చూడవు.”

“చూడక ఎక్కడికి పోతాను. చెప్పు.”

“అమ్మకి ఆ రోజు ఊపిరాడకపోవడానికి కారణం నేను. వైన్‌లో పొడి వేశాను.”

“ఏం పొడి?”

“సల్ఫైట్ పొడి. సీసాలు కడగడానికని అటక మీద తెల్ల డబ్బాలో పెట్టుకుంటావే, అదే.”

“వింటున్నా.”

“వినడం కాదు. తిట్టు. లేకపోతే ఒకటి పీకు.”

“ఎప్పుడు వేశావు?”

“రెండోసారి తేట తీసిన రోజున. కొత్త జాడీల్లోకి వంచేశాక మడ్డి పారబోయడానికి నువ్వు పెరట్లోకి వెళ్ళావు కదా, అప్పుడు.”

“ఎవరు వెయ్యమన్నారే నిన్ను?”

“ఎవరూ వెయ్యమన్లేదు. నాకే భయమేసింది. ఆ ఏడు వైన్ పుల్లబారిపోయింది గుర్తులేదూ? అంతా వెనిగరైపోతే అత్తయ్య బాత్రూం గచ్చు దాంతో కడిగేది. ఆ వాసన వస్తే చాలు, నువ్వు చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవాడివి. పళ్ళ డాక్టరు గారు, ఏటా కొత్త వైన్ పోసే భోజనాల దగ్గర, ఏమండీ ప్యూర్ గారూ, ఈ ఏడు సలాడ్‌లోకి చేశారా అని అడిగితే అందరూ పగలబడి నవ్వారు. నువ్వూ నవ్వావు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.”

“ఆ డాక్టరు నోరు అంతే. పళ్ళు పీకీ పీకీ మనుషుల్నీ పీకడం అలవాటైంది.”

“ఈ ఏడు నీకు సాయం చెయ్యడానికి వచ్చినప్పుడే అనుకున్నాను, ఎలాగైనా చెడకూడదని. వైన్ సరుకులమ్మే షాపాయన్ని అడిగాను. ఇరవై లీటర్ల జాడీకి పావు చెంచా వేస్తే గాలి తగిలినా చెడదు, రంగు నిలబడుతుంది, అందరూ వేసేదే, ఇందులో దాచుకోవాల్సిందేం లేదు అన్నాడు. ఉబ్బసం ఉన్నవాళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త, కొందరికి ఊపిరి పట్టేస్తుంది అన్నాడు.”

“ఆ మాట చెప్పినా వేశావా?”

“అమ్మకి ఇవ్వకూడదనే అనుకున్నా మావయ్యా. ఆ ఆదివారం భోజనాలకి నేను ముందే వచ్చి, అమ్మ గ్లాసు నేనే పోద్దామనుకున్నా. బస్సు రాలేదు. నేను వచ్చేసరికి అమ్మ సోఫా అంచున కూర్చుని గాలి కోసం నోరు తెరుస్తోంది. నువ్వు పక్కన గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నావు.”

“చాలు.”

“పెదాలు నీలంగా అయిపోయాయి.”

“చాలన్నానా. నేను అక్కడే ఉన్నాను, నాకు చెప్పకు.”

“ఆస్పత్రిలో డాక్టరు ఏం తాగారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ మూతి మీద మాస్కు పక్కకి లాగి మరీ చెప్పింది, మా అన్నయ్య చేసిన వైన్, అందులో పొడి ఉండదు అని. ఆయన రాసుకున్నది కొట్టేసి, ఇంట్లో కుక్కలూ పిల్లులూ ఉన్నాయా అన్నాడు.”

“పిల్లి ఉంది కదా.”

“ఉండేది. ఆ మర్నాడే మా తమ్ముడు దాన్ని బుట్టలో పెట్టి టైలరు గారింట్లో ఇచ్చేశాడు. వీధి చివరి నుంచి అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. అమ్మ కిటికీ దగ్గరే నిలబడింది. పాపం అది ఏం చేసిందని, ఇన్నేళ్ళూ అమ్మ ఒళ్ళోనే పడుకునేది. నాకు అన్నం దిగలేదు.”

“నాకు మాత్రం దిగిందనుకున్నావా?”

“నీకెందుకు దిగదు? నువ్వేం చేశావు?”

“...ఏం లేదు. మాట వరసకన్నాను.”

“అందుకే ఆ వైన్ కొంచెం చిన్న సీసాలో పోసుకుని షాపాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఏవో చుక్కలు వేసి చూశాడు. ఏమ్మా, దీన్ని దాచుకోవడానికి చేశారా, చంపడానికి చేశారా అన్నాడు. ఉండాల్సినదానికి రెండింతలుందట.”

“రెండింతలా?”

“సరిగ్గా రెండింతలు. మూత తీస్తే కాల్చిన అగ్గిపుల్ల వాసన కొడుతోంది, మీకు తెలియలేదా అన్నాడు. ఆ రోజు ఎవరికీ వాసన రాలేదా మావయ్యా?”

“జనం గోలలో ఏం వాసన తెలుస్తుంది.”

“నేను వేసింది జాడీకి పావు చెంచానే. మరి రెండింతలు ఎలా అయ్యింది?”

“చెంచా పెద్దదై ఉంటుంది.”

“కొలత చెంచానే. అత్తయ్య కేకుల్లోకి వాడేది.”

“కుప్పగా తీసుంటావు.”

“కత్తి వీపుతో పైన గీసి, చదును చేసి మరీ వేశాను.”

“చదును చేశాననుకుంటాం. కంగారులో చెయ్యి వణికి ఉంటుంది. దొంగతనంగా చేసే పని కదా. పెరట్లోంచి నేను వస్తున్నానేమోనని ఒక కన్ను అటే ఉంటుంది.”

“అంటే తప్పు నా చేతిదేనంటావు?”

“తప్పని కాదమ్మడూ. పొడి సంగతి నీకు తెలీదు, చిన్న గింజంత తేడా వచ్చినా లెక్క మారిపోతుంది. ఒక్కోసారి పాత పొడి గడ్డకడుతుంది. ఆ గడ్డ పడి ఉంటుంది.”

“గడ్డ కట్టలేదు. పిండిలా ఉంది.”

“అయితే రెండుసార్లు వేసి మర్చిపోయి ఉంటావు.”

“ఒకే జాడీలోనా?”

“ఎందుకు జరగదు. నేనే ఒక్కోసారి ఒకే కళ్ళజోడుకి రెండుసార్లు స్క్రూ బిగిస్తాను.”

“నువ్వు అంత గట్టిగా చెబుతుంటే నాకూ అనుమానంగానే ఉంది. రాత్రి పడుకుంటే కళ్ళ ముందు ఆ చెంచానే కనబడుతోంది. గీశానా లేదా, గీశానా లేదా అని. కన్నతల్లిని చంపబోయానని.”

“ఛ, అంత మాటనకు. తెలిసి చేశావా ఏంటి.”

“మావయ్యా, నేను రెండు జాడీల్లోనే వేశాను.”

“రెండింటిలోనా?”

“మూడో దాంట్లో వేయలేదు. అదిగో, కిటికీ పక్కనున్నది. అమ్మ కోసం వదిలేశాను.”

“...అలాగా.”

“షాపాయన దగ్గరికి దాంట్లోదీ కొంచెం పట్టుకెళ్ళాను.”

“దాంట్లోది ఎందుకు?”

“అమ్మకి ఇకమీదట అదొక్కటే ఇవ్వచ్చు కదా, బాగుందో లేదో చూపించుకుందామని. దాంట్లోనూ పొడి ఉందన్నాడు.”

“వాడి చుక్కలు ఏమంత నమ్మకమే. ఎర్ర వైన్‌కి ఆ పరీక్షలు సరిగ్గా పనిచేయవు.”

“ఎర్ర వైన్‌కి పనిచేయవని నీకెలా తెలుసు?”

“...ఎక్కడో విన్నాను.”

“పొడే ముట్టని మనిషివి, పొడి పరీక్షల గురించి విన్నావా?”

“వింటానే. నలుగురిలో తిరిగేవాణ్ణి.”

“ఆయన రెండు రకాలుగా చూశాడు మావయ్యా. మూడో జాడీలో సరిగ్గా ఉండాల్సినంత ఉందట. పావు చెంచా. చెయ్యి తిరిగినవాళ్ళెవరో వేశారమ్మా, చాలా చక్కగా వేశారు అన్నాడు.”

“ఈ సీసాకి ఇంకా మరక పోలేదు.”

“ఆ సీసా వదిలెయ్ మావయ్యా. దాన్ని ఎంత తోమినా ఇంకేం తెల్లబడదు.”

“ఇది తెలిసే వచ్చావా నువ్వు?”

“తెలిసే వచ్చాను.”

“మరి ఇందాకట్నుంచీ చెంచా అనీ, గీశాననీ...”

“నువ్వే చెబుతావేమోనని చూశాను. చెంచా పెద్దదన్నావు. సర్లే, ఇప్పుడు చెబుతాడనుకున్నా. చెయ్యి వణికిందన్నావు. రెండుసార్లు వేసి మర్చిపోయానన్నావు.”

“తల్లీ...”

“నేను నిజంగానే నమ్మబోయాను, తెలుసా? ఆ చుక్కల పరీక్ష చేయించిన దాన్నే, నువ్వు చెబుతుంటే నిజమేనేమో అనిపించింది.”

“నా మొహం మీద ఉమ్మెయ్.”

“అవన్నీ నాకొద్దు. ఎప్పట్నుంచి వేస్తున్నావో చెప్పు.”

“ఆ వెనిగరైన తర్వాతి ఏడు నుంచి.”

“ఏటా?”

“ఏటా. చిటికెడు.”

“చిటికెడా?”

“...పావు చెంచా. తూచి వేస్తాను.”

“మరి ‘పొడి ముట్టని చెయ్యి’ అని సీసాల మీద కాగితాలు అంటించుకున్నావే. ఆ కాగితాలు కత్తిరించింది నేనే.”

“అంతకు ముందు ముట్టలేదే, నిజంగానే ముట్టలేదు. ఆ మాట అప్పటిది. మొదటిసారి వేసిన ఏడు పళ్ళ డాక్టరు గ్లాసు దీపానికి ఎత్తి చూసి, ఇదండీ అసలు సరుకు, పొడి లేని రుచి ఇలా ఉంటుంది అన్నాడు. చెప్పేద్దామనే నోరు తెరిచాను. మీ అమ్మ పక్కనుంచి, మా అన్నయ్య చేతి గుణం అది అంది. ఇంకేం చెప్పను?”

“వేశానని చెబితే ఏమయ్యేది? అందరూ వేసేదేగా.”

“ఏమీ అయ్యేది కాదు. అదే కదా సిగ్గు. మర్నాడు చెబుదామనుకున్నా. తర్వాత పై ఏడు చెబుదామనుకున్నా. ఈలోగా వాళ్ళు వేళాకోళం మాని, నిజంగానే ప్యూర్ గారు, ప్యూర్ గారు అనడం మొదలెట్టారు. షాపుకొచ్చేవాళ్ళు కూడా అదే పిలుపు.”

“అమ్మకి పడదని తెలుసు కదా నీకు.”

“తెలుసు.”

“తెలిసీ పోశావా?”

“మొదటి ఏడు భయపడ్డానే, ఒట్టు. పోసి, మీ అమ్మనే చూస్తూ కూర్చున్నా. దానికేం కాలేదు. నవ్వుతూ కబుర్లు చెప్పింది, ఇంకో సగం గ్లాసు అడిగింది. పై ఏడూ ఏం కాలేదు. దాంతో నాకు ధైర్యమొచ్చేసింది. డాక్టర్లు ఊరికే భయపెడతారు, దీనికి పడుతోందిలే అనుకున్నాను. ఏటా ఏమీ కాకపోతే ఎవడైనా అలాగే అనుకోడూ?”

“అనుకుంటాడేమో. నాకు తెలీదు.”

“ఈసారి నువ్వూ వేశావని నాకేం తెలుసు.”

“అంటే మళ్ళీ నా మీదకే వచ్చిందన్నమాట.”

“అలా కాదు... ఆఁ, అలాగే వచ్చింది. చూశావా, నోరు దానంతట అదే అటు పోతోంది.”

“పద మావయ్యా. ముందు గదిలోకి వెళ్ళి చెప్పేద్దాం. నాది నేను చెబుతాను, నీది నువ్వు చెప్పు. డాక్టరుకీ తెలియాలి కదా.”

“ఆగు. ఒక్క మాట.”

“ఏంటి?”

“కాదనకూడదు.”

“ముందు చెప్పు.”

“నువ్వు వేసిన మాట నిజమే కదా. అంతవరకే చెబుదాం.”

“అంటే?”

“అబద్ధం చెప్పమనడం లేదు. నువ్వు వేశావు. డాక్టరుకి అదే చెబుతాం, వైన్‌లో పొడి ఉందని. వైద్యంలో తేడా ఏం రాదు. మీ అమ్మ ఇక ముట్టుకోదు. అందరికీ మంచిదే కదా?”

“నాకు కూడానా?”

“నువ్వు చిన్నదానివే. కన్నకూతురు మీద ఎన్నాళ్ళు కోపం ఉంటుంది? సాయంత్రానికి అన్నం కలిపి పెడుతుంది. నా సంగతి అలా కాదు. డాక్టర్లూ, చుట్టుపక్కలవాళ్ళూ ఏమనుకున్నా పడతాను. అది నా వైపు చూసి, ఇన్నేళ్ళూ నాకు ఇదేనా అన్నయ్యా పోసింది అంటే నేను తట్టుకోలేను.”

“నువ్వు ఇలా అడుగుతావని నేను కల్లో కూడా అనుకోలేదు.”

“నేనూ అనుకోలేదు. సిగ్గు లేదా అని అడుగు.”

“అడగను. నీ చెవులు ఎర్రబడిపోయాయి, కనబడుతూనే ఉంది.”

“మరి?”

“సరే.”

“సరే అంటే?”

“సరే అంటే సరే. చెబుతాను. ఇంకేం మాట్లాడకు. నువ్వు మాట్లాడేకొద్దీ నాకు అసహ్యమేస్తోంది, నిన్ను అసహ్యించుకోవడం నాకు చేతకావడం లేదు. సీసాలు మాత్రం ఇవ్వకూడదు.”

“ఇవ్వను. నీ మీద ఒట్టు.”

“నా మీద ఇంకేం వేయద్దు మావయ్యా. ఉష్, అమ్మ వస్తోంది.”

“మామా కోడళ్ళిద్దరూ ఇక్కడ దాక్కున్నారా?”

“నువ్వెందుకు లేచొచ్చావమ్మా, ఇక్కడంతా చెమ్మ.”

“మీ మావయ్య రాకపోతే నేనే రావాలిగా. ఏం అన్నయ్యా, ఇలా అయిపోయావేంటి? ఆస్పత్రిలో పడుకుంది నేనా, నువ్వా?”

“రా, కూర్చో. ఈ పీట మీద కూర్చో. ఎలా ఉందిప్పుడు?”

“బాగానే ఉంది. మెట్లెక్కితే కొంచెం ఆయాసం, అంతే. నువ్వు వస్తావని రోజూ వీధి వైపే చూశాను. రాకపోయేసరికి, అన్నయ్య ఏదో మనసులో పెట్టుకున్నాడనిపించింది. నీ ఇంట్లో నాకలా అయ్యిందని బాధపడుతున్నావని నాకు తెలుసు. అందుకే వచ్చాను. రెండు సీసాలివ్వు, పట్టుకెళ్తాను. నలుగురూ నీ వైన్ గురించి నోటికొచ్చింది అంటున్నారు కదా, వాళ్ళు చూసేటట్టు చేత్తో పట్టుకుని నడిచి వెళ్తాను.”

“తర్వాత పంపిస్తాలే. ఇంకా మూతలు బిగించలేదు.”

“అమ్మా, ఆ వైన్ నువ్వు తాగకూడదు.”

“ఎందుకే?”

“అందులో పొడి ఉంది. నేనే వేశాను. పుల్లబారకూడదని, మావయ్యకి తెలియకుండా వేశాను. కొలత తప్పింది. నీకలా అవ్వడానికి కారణం నేనే. పిల్లి కాదు.”

“నువ్వు వేశావా?”

“నేనే.”

“ఏడవకుండా చెప్పు. నువ్వొక్కదానివే వేశావా?”

“...ఒక్కదాన్నే.”

“నిజమేనా అన్నయ్యా?”

“చిన్నపిల్ల. తెలియక చేసింది. దాన్నేమీ అనకు.”

“నేను దాన్ని అనడం లేదు, నిన్నడుగుతున్నాను. ఇదొక్కతేనా వేసింది?”

“...ఊఁ.”

“ఆ సీసా కింద పెట్టి, నా వైపు చూసి చెప్పు.”

“చెప్పానుగా. దానికి పొడి సంగతి తెలీదు, చెంచా కుప్పగా తీసింది.”

“ఇలా రా బుజ్జీ, కళ్ళు తుడుచుకో. నీ చెంచా బాగానే ఉందిలే.”

“అమ్మా...”

“వెనిగరైన తర్వాతి ఏడు నువ్వు పోసిన గ్లాసు మొదటి గుక్కకే నా గొంతు పట్టేసింది అన్నయ్యా. అప్పట్నుంచీ ఏటా నువ్వు పోసే ముందు బాత్రూంలోకి వెళ్ళి, నీళ్ళు తిప్పి, ఆ చప్పుడులో ఉబ్బసం మందు పీల్చుకుని వచ్చి తాగేదాన్ని. ఈసారి చూసుకుంటే మందు అయిపోయింది, నువ్వేమో అందరి ముందూ గ్లాసు నా చేతిలో పెట్టి నా మొహంలోకే చూస్తున్నావు, ఎలా తాగకుండా ఉండను?”